ఉమ్మడి లినక్స్ క్లస్టర్‌లో ఒకరు ప్యాకేజీ మారిస్తే ల్యాబ్ అంతటి జాబ్‌లూ ఆగిపోతున్నాయి: సరైన పద్ధతి ఏమిటి?

జీవభౌతికం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఒక విశ్వవిద్యాలయంలో ప్రోటీన్ల అణుగతి అనుకరణల మీద పరిశోధన చేస్తున్నాను. మా విభాగపు క్లస్టర్‌లో ఒక లాగిన్ నోడ్, 24 కంప్యూట్ నోడ్లు, 2 జీపీయూ నోడ్లు ఉన్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్ సెంట్‌ఓఎస్ 7. మేము సమర్పించే పనులను, అంటే జాబ్‌లను, స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ నోడ్లకు పంచిపెడుతుంది. గ్రోమాక్స్ అనే ప్రోగ్రామ్‌తో అనుకరణలు నడిపి, వచ్చిన ట్రాజెక్టరీలను (అణువుల కదలికల నమోదులను) పైథాన్‌లో ఎండీఅనాలిసిస్ లైబ్రరీతో విశ్లేషిస్తాము. ఈ సెమిస్టర్ నుంచి మా ల్యాబ్‌లోని ఏడుగురి సాఫ్ట్‌వేర్ అవసరాలను నన్నే చూసుకోమని గైడ్ గారు చెప్పారు. నాకు సుడో (నిర్వాహకుల అధికారంతో ఆదేశాలు నడిపే) అనుమతి లేదు. దాన్ని అడగడం కూడా భావ్యం కాదని నాకు తెలుసు.

మూడు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది నన్ను ఎక్కువగా బాధపెట్టినది. ల్యాబ్ ఉమ్మడి డైరెక్టరీలో నాకంటే ముందు ఉన్నవారు వేసిపెట్టిన అనకోండా (పైథాన్ ప్యాకేజీల సంకలనం; ప్యాకేజీలను అమర్చే కోండా సాధనం అందులో భాగం) ఒకటి ఉంది. ఏడుగురమూ దాని బేస్ ఎన్విరాన్‌మెంట్‌నే, అంటే దానితోపాటు వచ్చే మొదటి ప్యాకేజీల సమూహాన్నే, వాడుతున్నాము. ఏడుగురికీ అందులో రాసే అనుమతి ఉంది. కిందటి నెల ఒక రాత్రి నేను 40 టాస్కుల జాబ్ అర్రేను (ఒకే స్క్రిప్టుతో నడిచే పనుల వరుసను) సమర్పించి ఇంటికి వెళ్ళాను. తెల్లవారి చూస్తే మొదటి 23 టాస్కులు సక్రమంగా ముగిసి ఉన్నాయి. 24వ టాస్కు నుంచి మిగిలినవన్నీ, నమ్‌పై (పైథాన్ గణిత లైబ్రరీ) 1.ఎక్స్‌తో కంపైల్ అయిన మాడ్యూల్ నమ్‌పై 2లో నడవదు అనే అర్థం వచ్చే సందేశంతో, మొదలైన కొద్ది సెకన్లలోనే ఆగిపోయి ఉన్నాయి. రాత్రి 11 గంటలకు మా జూనియర్ ఒకరు గ్రాఫుల కోసం ఏదో ప్యాకేజీ వేసుకున్నారని, దానితోపాటు నమ్‌పై కూడా మారిపోయిందని తరువాత తెలిసింది. తప్పు ఆ అబ్బాయిదని నేను అనుకోవడం లేదు, ఎందుకంటే అలా చేయకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు.

రెండవది, నా హోమ్ డైరెక్టరీ కోటా 50 జీబీ కాగా 31 జీబీ మాత్రమే నిండి ఉన్నప్పటికీ, కొత్త ఫైలు ఏది రాయబోయినా కోటా మించిపోయిందని వస్తోంది.

మూడవది, కొత్తగా దించుకున్న ఒక ప్రోగ్రామ్ గ్లిబ్‌సి (లినక్స్ ప్రోగ్రామ్‌లు దాదాపు అన్నీ ఆధారపడే మూల లైబ్రరీ) 2.28 కావాలంటోంది, మా దగ్గర ఉన్నది 2.17. ఒక మిత్రుని సలహా మీద కొత్త గ్లిబ్‌సిని హోమ్‌లో కంపైల్ చేసి, లైబ్రరీలు వెతికే పాత్ వేరియబుల్‌లో దాన్ని ముందు పెట్టాను. ఆ తరువాత ఫైళ్ళ జాబితా కోసం ఎల్‌ఎస్ అని కొట్టినా సెగ్మెంటేషన్ ఫాల్ట్ అనే లోపంతో ఆగిపోయింది. ఆ టెర్మినల్‌ను మూసి మళ్ళీ లాగిన్ అయ్యాక గాని బయటపడలేదు.

ఇలాంటి ఉమ్మడి వ్యవస్థలో ప్యాకేజీలను ఏ పద్ధతిలో అమర్చుకుంటే ఒకరి పని మరొకరి పనిని చెరపకుండా ఉంటుందో, అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాతనోడ్ (సమాధానం)

జీవభౌతికం గారూ, నేను చాలా ఏళ్ళుగా ఒక విద్యాసంస్థ క్లస్టర్‌ను చూసుకుంటున్నాను. మీ మొదటి చిక్కు దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మిగిలిన రెండూ దాని చుట్టూ తిరిగేవే.

ముందుగా ఆ రాత్రి ఏం జరిగిందో చూద్దాం. స్లర్మ్ మీ జాబ్ స్క్రిప్టును మీరు సమర్పించిన క్షణంలోనే నకలు తీసి దాచుకుంటుంది. ఆ తరువాత మీరు స్క్రిప్టును దిద్దినా వరుసలో ఉన్న జాబ్‌కు ఆ దిద్దుబాటు చేరదు. చాలామంది ఇక్కడే ఒక పొరపాటు ఊహ చేస్తారు: స్క్రిప్టు భద్రంగా ఉంది గనుక జాబ్ మొత్తం భద్రంగా ఉందనుకుంటారు. కాని ఆ స్క్రిప్టు పిలిచే పైథాన్‌నూ, అది ఇంపోర్ట్ చేసే లైబ్రరీలనూ స్లర్మ్ నకలు తీయదు. ప్రతి టాస్కూ తాను మొదలైన నిమిషంలో డిస్కు మీద ఏది ఉంటే దాన్నే చదువుకుంటుంది. కాబట్టి మీ 23వ టాస్కుకూ 24వ టాస్కుకూ మధ్య డిస్కు మారింది, అంతే. 2024 జూన్‌లో వచ్చిన నమ్‌పై 2.0 బైనరీ స్థాయిలోనే పాతదానితో పొసగదు. పాత నమ్‌పై మీద కంపైల్ అయిన ప్రతి లైబ్రరీనీ మళ్ళీ కంపైల్ చేయవలసిందే. ఆ విధంగా చూస్తే మీకు మేలే జరిగింది, ఎందుకంటే జాబ్‌లు ఆగిపోయాయి. వర్షన్ మారిన తరువాత కూడా ఆగకుండా నడిచి, సగం ఫలితాలు ఒక లైబ్రరీతో, సగం మరొక లైబ్రరీతో వచ్చి ఉంటే, ఆ తేడా మీ థీసిస్ దాకా వచ్చేది.

దీనికి మేము పాటించే కట్టుబాటు చెబుతాను. ఒక్కసారి వాడకంలోకి వచ్చిన ఎన్విరాన్‌మెంట్‌ను ఇక ఎవరూ, దాన్ని వేసినవారు కూడా, ముట్టుకోకూడదు. కొత్త ప్యాకేజీ కావలసి వస్తే పక్కనే ఇంకొకటి కట్టాలి. ఎన్విరాన్‌మెంట్ పేరులోనే ప్రాజెక్టు పేరూ, కట్టిన నెలా ఉండాలి. జాబ్ స్క్రిప్టులో ఆ పూర్తి పాత్‌నే రాయాలి. సౌకర్యం కోసం ‘తాజా’ అని ఒక సింబాలిక్ లింకు (మరొక పాత్‌ను చూపే మారుపేరు) పెట్టి దాన్నే స్క్రిప్టులో రాసుకునేవారు ఉన్నారు. ఆ లింకును తిప్పిన రోజున మీకు జరిగినదే వారికీ జరుగుతుంది. కట్టడం అయిపోగానే డైరెక్టరీకి రాసే అనుమతి తీసేయండి. చదివే అనుమతి, నడిపే అనుమతి గ్రూపు మొత్తానికి ఉంచండి. బేస్ ఎన్విరాన్‌మెంట్‌లో కోండా తప్ప మరేదీ ఉండకూడదు.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మీరు కాపాడుకోవలసినది ఎన్విరాన్‌మెంట్‌ను కట్టడానికి వాడిన యామల్ ఫైలు. అందులో మీరు కోరి అడిగిన ప్యాకేజీల పేర్లు, వర్షన్లు ఉంటాయి. దానితోపాటు, కట్టిన తరువాత వచ్చిన అసలు జాబితాను, అంటే ప్రతి ప్యాకేజీ బిల్డు సంఖ్యతో సహా ఉండే జాబితాను, వేరే ఫైలులో దింపి పెట్టుకోండి. మొదటి ఫైలు ఏడాది తరువాత కొత్త వర్షన్లతో కట్టుకోవడానికి, రెండవది ఇదే ఎన్విరాన్‌మెంట్‌ను ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టుకోవడానికి. రెండింటినీ మీ విశ్లేషణ కోడ్ ఉన్న గిట్ రిపాజిటరీలోనే ఉంచండి. ఆ రెండు ఫైళ్ళు చేతిలో ఉంటే ఎన్విరాన్‌మెంట్ మొత్తాన్ని చెరిపేయడానికి మీకు భయం ఉండదు. మా దగ్గర ఎవరైనా ఎన్విరాన్‌మెంట్ పాడైందని వస్తే నేను అడిగే మొదటి మాట, యామల్ ఫైలు ఉందా అనే.

ఇక మాడ్యూళ్ళు. కంపైలర్లు, ఎంపీఐ (వేర్వేరు నోడ్ల మీద నడిచే భాగాలు సందేశాలు పంచుకునే లైబ్రరీ), కుడా (ఎన్‌విడియా జీపీయూలను వాడుకునే సాఫ్ట్‌వేర్), గ్రోమాక్స్ వంటివి నిర్వాహకులు మాడ్యూళ్ళుగా ఇవ్వవలసినవి. ఈ పద్ధతి 1991 నాటిది. ఒకే యంత్రంలో ఒకే సాఫ్ట్‌వేర్ యొక్క అనేక వర్షన్లు పక్కపక్కనే ఉండగా, ఎవరికి కావలసినదాన్ని వారి షెల్ వరకే పైకి తెచ్చే ఉపాయం అది. మీ క్లస్టర్‌లో టెక్సస్‌లో పుట్టిన ఎల్‌మాడ్ అనే మాడ్యూళ్ళ సాధనం ఉన్నట్టయితే, మాడ్యూల్ అవైల్ ఆదేశం చూపే జాబితాను చూసి అంతే ఉన్నాయనుకోకండి. ఎల్‌మాడ్‌ను అంతస్తులుగా అమర్చిన చోట, ఏదైనా కంపైలర్‌ను లోడ్ చేశాకే దానితో కట్టిన ఎంపీఐలు, ఎంపీఐని లోడ్ చేశాకే దానితో కట్టిన గ్రోమాక్స్ కనిపిస్తాయి. దాగి ఉన్నవాటితో సహా వెతకడానికి మాడ్యూల్ స్పైడర్ అనే ఆదేశం ఉంది. మరొక మాట: స్లర్మ్ మామూలుగా మీ లాగిన్ షెల్‌లోని వేరియబుల్స్ అన్నిటినీ జాబ్‌లోకి మోసుకుపోతుంది. పొద్దున ఏదో పరీక్ష కోసం లోడ్ చేసిన మాడ్యూల్ సాయంత్రం జాబ్‌లోకి చొరబడుతుంది. అందుకే ప్రతి స్క్రిప్టు మొదట మాడ్యూల్ పర్జ్ (లోడ్ అయి ఉన్నవాటిని దించేసే ఆదేశం) రాసి, కావలసినవాటిని వర్షన్ సంఖ్యతో సహా లోడ్ చేయడం అలవాటు చేసుకోండి.

కోటా సంగతి తేలిక. నిండినది జీబీల కోటా అయి ఉండదు, ఫైళ్ళ సంఖ్య కోటా అయి ఉంటుంది. కోటా చూపే ఆదేశంలో రెండవ భాగాన్ని చూడండి. కోండా ఎన్విరాన్‌మెంట్ ఒక్కొక్కటీ పదుల వేల చిన్న చిన్న ఫైళ్ళుగా ఉంటుంది. కోండా దించుకున్న ప్యాకేజీలను ఒక చోట దాచి, అక్కడి నుంచి ఎన్విరాన్‌మెంట్‌లోకి హార్డ్ లింకులు (ఒకే ఫైలుకు ఇంకొక పేరు) వేస్తుంది. రెండూ ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఉన్నంతవరకు ఒక ఫైలు ఒక ఫైలుగానే లెక్కకు వస్తుంది. దాపు హోమ్‌లో, ఎన్విరాన్‌మెంట్ ప్రాజెక్టు డిస్కులో ఉంటే హార్డ్ లింకు కుదరదు గనుక ప్రతి ఫైలునూ నకలు చేస్తుంది. రెండింటినీ ప్రాజెక్టు డిస్కుకే మార్చండి. కోండా కాన్ఫిగరేషన్ ఫైలులో రెండు పంక్తుల పని.

గ్లిబ్‌సి విషయంలో మీరు చేసినది దయచేసి ఇంకెప్పుడూ చేయకండి. లినక్స్‌లో ప్రతి ప్రోగ్రామ్‌నూ ముందు డైనమిక్ లోడర్ అనేది మెమరీలోకి తెస్తుంది. ఆ లోడరూ గ్లిబ్‌సీ ఒకే కట్టడంలోని రెండు భాగాలు, ఒకదాని లోపలి అమరిక మరొకదానికి తెలిసి ఉండాలి. లోడర్ పాత్ ప్రోగ్రామ్‌లోనే రాసి ఉంటుంది కాబట్టి పాత లోడరే వచ్చింది. మీరు పెట్టిన వేరియబుల్ వల్ల కొత్త గ్లిబ్‌సి వచ్చింది. ఎల్‌ఎస్ పడిపోవడంలో వింత లేదు. 2.17 అంటే సెంట్‌ఓఎస్ 7తో వచ్చినది. ఆ సిస్టమ్‌కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. క్లస్టర్‌ను పైకి తీసుకురమ్మని విభాగం తరఫున మీ నిర్వాహకులకు రాతపూర్వకంగా అడగండి. ఈలోగా ఆ ప్రోగ్రామ్ కోండా ఫోర్జ్ అనే ఛానెల్‌లో (కోండా ప్యాకేజీల ఉమ్మడి భాండాగారంలో) ఉందేమో చూడండి. అక్కడి ప్యాకేజీలలో చాలావరకు పాత గ్లిబ్‌సి మీద కూడా నడిచేలా కట్టినవే.

జీవభౌతికం

పాతనోడ్ గారూ, మీకు ఎంతో కృతజ్ఞతలు. ఫైళ్ళ సంఖ్యే నిండిందని తేలింది: పరిమితి 3,00,000 కాగా నా హోమ్‌లో 2,99,000 పైచిలుకు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నేను రెండేళ్ళుగా తలచుకోని ఎన్విరాన్‌మెంట్లవే.

అయితే తొందరపడి ఒక పొరపాటు చేశాను. ఉన్న ఎన్విరాన్‌మెంట్‌ను ప్రాజెక్టు డిస్కుకు ఎంవీ ఆదేశంతో జరిపాను. ఇప్పుడు పిప్ (పైథాన్ ప్యాకేజీలు వేసే ఆదేశం) నడిపినా, జూపిటర్ నోట్‌బుక్ నడిపినా, ఇంటర్‌ప్రెటర్ ఉండవలసిన చోట అలాంటి ఫైలు లేదని చెబుతోంది. నా దగ్గర దానికి యామల్ ఫైలు లేదు. దాన్ని తిరిగి దారికి తెచ్చే మార్గం ఉందా?

మరొకటి, నాకు కావలసిన ఆ ప్రోగ్రామ్ కోండా ఫోర్జ్‌లో లేదు. కంటెయినర్‌లో, అంటే కావలసిన లైబ్రరీలన్నిటితో కూడిన మూటలో, పెట్టి నడపవచ్చని కొందరు అంటున్నారు. వాటిని నడిపే సాధనాలలో మా క్లస్టర్‌లో డాకర్ లేదు, ఆప్టైనర్ ఉంది. గ్రోమాక్స్‌ను కూడా కంటెయినర్‌లోనే పెట్టుకోవడం మంచిదా, లేక మాడ్యూల్‌గానే వాడాలా?

ఉత్తరసముద్రం (సమాధానం)

నేను కాకినాడ నుంచి వచ్చి ఐరోపాలో ఒక గణన కేంద్రంలో పని చేస్తున్నాను. శాస్త్రవేత్తలకు సాఫ్ట్‌వేర్ కట్టి ఇవ్వడమే నా ఉద్యోగం.

ముందు మీ ఎన్విరాన్‌మెంట్. కోండా ప్యాకేజీలను వేసేటప్పుడు వాటిలోని స్క్రిప్టుల మొదటి పంక్తిలో, కొన్ని బైనరీల లోపల కూడా, ఆ ఎన్విరాన్‌మెంట్ పూర్తి పాత్‌ను రాసేస్తుంది. ఇల్లు మారినా తలుపు మీద పాత చిరునామానే ఉండిపోయినట్టు అయింది. ఏదీ పోలేదు, కంగారుపడకండి. డైరెక్టరీని తిరిగి పాత చోటికే జరపండి. అక్కడ అది మళ్ళీ పని చేస్తుంది. అప్పుడు దాని నుంచి జాబితాను ఎగుమతి చేసుకొని, ఆ జాబితాతో కొత్త చోట కట్టి, పరీక్షించి, ఆ తరువాతే పాతదాన్ని తీసేయండి. ఎగుమతి చేసేటప్పుడు ‘ఫ్రమ్ హిస్టరీ’ అనే ఐచ్ఛికం ఇస్తే మీరు స్వయంగా అడిగినవి మాత్రమే వస్తాయి. అదే మీ యామల్ ఫైలుకు మంచి ఆరంభం. పిప్‌తో వేసినవి అందులో కనబడవు కాబట్టి వాటిని విడిగా రాసుకోండి. ఉన్న ఎన్విరాన్‌మెంట్‌నే మూటగట్టి వేరే చోట విప్పుకోవడానికి కోండాప్యాక్ అనే సాధనమూ ఉంది గాని, యామల్ ఫైలు లేని మీ పరిస్థితిలో మొదటి దారే మేలు.

కంటెయినర్ల విషయానికి వస్తే, డాకర్ మీ క్లస్టర్‌లో లేకపోవడానికి తగిన కారణమే ఉంది. డాకర్ సేవ మామూలుగా రూట్ అధికారంతో, అంటే యంత్రం మీద పూర్తి అధికారంతో, నడుస్తుంది. దాన్ని వాడే అనుమతి ఇవ్వడం ఇంచుమించు రూట్ ఇవ్వడమే. అరవైమంది వాడే యంత్రంలో ఏ నిర్వాహకుడూ అలా ఇవ్వడు. ఈ ఇబ్బందిని తప్పించడానికే అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో సింగులారిటీ పుట్టింది. 2021లో అది లినక్స్ ఫౌండేషన్ కిందికి చేరి ఆప్టైనర్ అయింది. కంటెయినర్ లోపల కూడా మీరు మీరే, మీ అనుమతులు మీవే. డాకర్ ఇమేజీలను అది నేరుగా తన రూపంలోకి మార్చుకుంటుంది.

మీ గ్లిబ్‌సి చిక్కుకు ఇది సరైన మందు. కంటెయినర్ తన గ్లిబ్‌సిని, దానికి జతపడే లోడర్‌ను రెండింటినీ వెంట తెచ్చుకుంటుంది; హోస్టు (కంటెయినర్ నడిచే యంత్రం) నుంచి తీసుకునేది కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఒక్కటే. సెంట్‌ఓఎస్ 7 కెర్నెల్ 3.10 పాతదే అయినా, గ్లిబ్‌సి 2.28కి 3.2 నుంచి ఏ కెర్నెల్ అయినా చాలు. రెండవ లాభం మీ ఫైళ్ళ కోటాకు. ఆప్టైనర్ ఇమేజి ఎంత పెద్దదైనా ఒకే ఒక ఫైలు, దాని లోపల అంతా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ రూపంలో కుదించి ఉంటుంది. ఇది మీ ఒక్కరికి సంబంధించిన లాభం కూడా కాదు. లస్టర్ వంటి సమాంతర ఫైల్ సిస్టమ్‌లో ఏ ఫైలు ఎక్కడ ఉందో చెప్పే మెటాడేటా సర్వర్లు కొన్నే ఉంటాయి. 40 టాస్కులు ఒకేసారి మొదలై తలా కొన్ని వేల పైథాన్ ఫైళ్ళను వెతికితే, ఆ సమయంలో అదే క్లస్టర్‌లో ఇంకెవరో డైరెక్టరీ జాబితా కోసం అర నిమిషం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఆ నెమ్మదికి కారణం మనమేనని మనకు తెలియను కూడా తెలియదు. కోండా ఎన్విరాన్‌మెంట్‌ను ఇమేజిలో పెట్టి నడపడం అందుకే తోటివారి పట్ల మర్యాద అని నేను భావిస్తాను. ఫిన్లాండ్ జాతీయ కేంద్రమైన సీఎస్‌సీ ఈ పని సులభంగా జరగడానికి టిక్కీ అనే సాధనాన్నే తయారుచేసి ఇచ్చింది.

ఒక్క జాగ్రత్త ఉంది. ఆప్టైనర్ మామూలుగా మీ హోమ్ డైరెక్టరీని కంటెయినర్ లోపలికి తెస్తుంది. మీరు ఎప్పుడో పిప్‌కు ‘యూజర్’ ఐచ్ఛికం ఇచ్చి వేసుకున్న ప్యాకేజీలు హోమ్‌లోని డాట్ లోకల్ డైరెక్టరీలో ఉంటాయి. పైథాన్ వర్షన్ కలిస్తే, కంటెయినర్‌లోని ప్యాకేజీలకంటే వాటినే ముందుగా పైథాన్ తీసుకుంటుంది. మా దగ్గరికి వచ్చిన ఒక పరిశోధకుడు, ఒకే ఇమేజి తనకు ఒక ఫలితం, తన సహచరికి మరొక ఫలితం ఇస్తోందని రెండు వారాలు తల పట్టుకున్నాడు. చివరికి అతని డాట్ లోకల్‌లో నాలుగేళ్ళ కిందటి సైపై లైబ్రరీ బయటపడింది. పైథాన్, నో, యూజర్, సైట్ అనే నాలుగు మాటలను కలిపి పెద్ద అక్షరాలతో రాసే వేరియబుల్‌కు 1 విలువ ఇస్తే ఆ డైరెక్టరీని పైథాన్ పట్టించుకోదు. కోండా వాడేటప్పుడు కూడా ఇది అవసరమే.

గ్రోమాక్స్‌ను మాత్రం మాడ్యూల్‌గానే వాడండి. అనేక నోడ్ల మీద నడిచే ప్రోగ్రామ్‌కు ఎంపీఐ, ఇన్ఫినీబ్యాండ్ (నోడ్లను కలిపే వేగమైన నెట్‌వర్క్) లైబ్రరీలు, స్లర్మ్ మూడూ పొందికగా ఉండాలి. కంటెయినర్‌లోని ఎంపీఐకి హోస్టు అమరిక సరిపడకపోతే, నడవకపోవడం ఒక ఎత్తు, ఇన్ఫినీబ్యాండ్‌ను వదిలి మామూలు నెట్‌వర్క్ మీద మెల్లగా నడవడం మరొక ఎత్తు. ఆ రెండవది ఎవరి కంటా పడదు. ఇంకా ప్రాసెసర్ సంగతి ఉంది. గ్రోమాక్స్ వేగమంతా ఏవీఎక్స్ 2, ఏవీఎక్స్ 512 వంటి వెక్టర్ ఆదేశాల మీద ఆధారపడుతుంది. లాగిన్ నోడ్ ప్రాసెసర్ కొత్తదై, కంప్యూట్ నోడ్లవి పాతవైతే, లాగిన్ నోడ్‌లో ఉన్న ప్రాసెసర్‌కు తగినట్టు కంపైల్ చేసినది కంప్యూట్ నోడ్‌లో ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని పడిపోతుంది. కంపైల్ చేయవలసి వస్తే స్లర్మ్‌లో ఇంటరాక్టివ్ జాబ్ తీసుకొని, నడపబోయే రకం నోడ్ మీదే చేయండి.

మీకు కావలసిన వర్షన్ మాడ్యూల్‌గా లేకపోతే, సాఫ్ట్‌వేర్‌ను కట్టిపెట్టే స్పాక్ అనే సాధనాన్ని మీ ప్రాజెక్టు డిస్కులో సుడో లేకుండానే వేసుకోవచ్చు. 2013లో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో మొదలైన ఈ సాధనం, కంపైలర్ ఏది, ఎంపీఐ ఏది, కుడా కావాలా వద్దా, ఏ ప్రాసెసర్ కోసం అనే ప్రతి ఎంపికనూ కలిపి ఒక ప్రత్యేక సంకేతంగా మార్చి, ఒక్కొక్క కలయికను వేర్వేరు డైరెక్టరీలో కడుతుంది. ఏ లైబ్రరీ ఎక్కడుందో బైనరీలోనే రాసిపెడుతుంది కాబట్టి, మీ ప్రాణం తీసిన ఆ పాత్ వేరియబుల్‌తో పనే ఉండదు. అయితే అన్నిటినీ మొదటి నుంచి కట్టనివ్వకండి. క్లస్టర్‌లో ఇప్పటికే ఉన్న ఎంపీఐని, కుడాను బయటి ప్యాకేజీలుగా దానికి చూపించండి. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈజీబిల్డ్ కూడా ఈ కోవదే. నాకు రెండూ అలవాటే: మాలాంటి కేంద్రానికి ఈజీబిల్డ్ కుదురుగా ఉంటుంది, మీలాంటి ఒక ల్యాబ్‌కు స్పాక్ సులువుగా అందుతుంది.

గణకశాల (సమాధానం)

పై ఇద్దరూ చెప్పినవాటితో ఎక్కువగా ఏకీభవిస్తున్నాను. ఒక విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. ప్రతి కోండా ఎన్విరాన్‌మెంట్‌నూ ఇమేజిలో పెట్టమని ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న ఏడుగురి ల్యాబ్‌కు నేను చెప్పను. విశ్లేషణ కోడ్ రోజుకు నాలుగుసార్లు మారే దశలో ప్రతిసారీ ఇమేజిని మళ్ళీ కట్టుకోవాలంటే, విద్యార్థులు విసిగి మళ్ళీ డాట్ లోకల్‌కే తిరిగిపోతారు. మొదట మామూలు ఎన్విరాన్‌మెంట్‌లో పని సాగనివ్వండి. పెద్ద జాబ్ అర్రేలు నడిపే దశకు వచ్చాక, అంటే ప్యాకేజీల జాబితా స్థిరపడ్డాక, ఇమేజిగా మార్చండి.

జీపీయూ నోడ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఒక మాట. జీపీయూల స్థితిని చూపే ఎన్‌విడియా ఎస్‌ఎంఐ ఆదేశపు పట్టికలో పైన కనిపించే కుడా సంఖ్య, ఆ డ్రైవర్ ఎంతవరకు మద్దతు ఇవ్వగలదో చెప్పే సంఖ్య. యంత్రంలో ఆ టూల్‌కిట్ ఉందని దాని అర్థం కాదు. డ్రైవర్‌ను మార్చడం నిర్వాహకుల చేతిలోనిదే గనుక, పైటార్చ్ వంటి జీపీయూ లైబ్రరీలు వేసుకునేటప్పుడు ఆ సంఖ్యకు లోబడిన బిల్డునే ఎంచుకోండి. ఆప్టైనర్‌లో నడిపేటప్పుడు ఎన్‌వీ అనే ఐచ్ఛికం ఇస్తేనే హోస్టు డ్రైవర్ లైబ్రరీలు లోపలికి వస్తాయి.

మీ ఉమ్మడి అనకోండా విషయంలో లైసెన్సును కూడా పట్టించుకోండి. అనకోండా సంస్థ 2020లో తన డిఫాల్ట్ ఛానెల్ వాడకపు షరతులను మార్చింది. 200 మందికి మించిన సంస్థలు చెల్లించి వాడవలసి ఉంటుంది. విద్యాసంస్థలకు మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుందో ప్రస్తుత షరతులలో చదివి నిర్ణయించుకోవలసినది మీ విశ్వవిద్యాలయమే. ఆ చర్చలోకి పోకుండా ఉండాలంటే, మొదటి నుంచి కోండా ఫోర్జ్ ఛానెల్‌నే వాడే మినీఫోర్జ్‌ను వేసుకోండి. వేసేటప్పుడు అది బ్యాష్‌ఆర్‌సీ (షెల్ మొదలయ్యేటప్పుడు చదివే) ఫైలులో పంక్తులు చేర్చాలా అని అడిగితే వద్దనండి. ఆ పంక్తులు ఉంటే ప్రతి లాగిన్‌లోనూ కోండా పైథాన్ ముందుకు వచ్చి, మాడ్యూళ్ళతో ఇచ్చిన పైథాన్‌ను కప్పేస్తుంది.

జీవభౌతికం

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పది రోజులుగా మీరు చెప్పినట్టే చేశాను. ఇదే చిక్కులో ఉన్న మరొకరికి పనికిరావచ్చని ఎలా అమర్చానో రాస్తున్నాను.

జరిపిన ఎన్విరాన్‌మెంట్‌ను పాత చోటికి తెచ్చి జాబితా ఎగుమతి చేశాను. నేను కోరి అడిగినవి 14 ప్యాకేజీలే అని చూసి ఆశ్చర్యపోయాను; మిగిలినవన్నీ వాటి వెంట వచ్చినవి. ప్రాజెక్టు డిస్కులో మినీఫోర్జ్ వేసి, దాపునూ ఎన్విరాన్‌మెంట్లనూ అక్కడే పెట్టాను. విశ్లేషణకు ఒకటి, గ్రాఫులకు ఒకటి, జీపీయూ పనికి ఒకటి చొప్పున పేరులో నెల కలిపి కట్టి, రాసే అనుమతి తీసేశాను. నా అనుమతి కూడా తీసేసుకున్నాను. హోమ్‌లో ఫైళ్ళ సంఖ్య 41,000కు దిగింది.

గ్లిబ్‌సి 2.28 అడిగిన ప్రోగ్రామ్ ఆప్టైనర్‌లో మొదటిసారికే నడిచింది. డాట్ లోకల్ గురించి ఉత్తరసముద్రం గారు చెప్పినది చదివి మా ఏడుగురి డైరెక్టరీలూ చూశాము. నలుగురి దగ్గర పాత నమ్‌పై బయటపడింది. వాటిని తీసేసి, ఆ వేరియబుల్‌ను ల్యాబ్ జాబ్ స్క్రిప్టు నమూనాలో మాడ్యూల్ పర్జ్ పంక్తి పక్కనే చేర్చాము. గ్రోమాక్స్‌కు మాడ్యూల్ స్పైడర్‌తో వెతికితే, మేము రెండేళ్ళుగా వాడుతున్నదానికంటే కొత్త వర్షన్, ఎంపీఐతో సహా, నిర్వాహకులు ఎప్పుడో కట్టి ఉంచారని తెలిసింది.

ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు గురించి గైడ్ గారి సంతకంతో నిర్వాహకులకు లేఖ ఇచ్చాము. వేసవి సెలవుల్లో నోడ్లను విడతలుగా మారుస్తామని, అప్పుడు కంపైల్ చేసినవన్నీ మళ్ళీ కట్టుకోవలసి ఉంటుందని చెప్పారు. గ్రాఫుల ఎన్విరాన్‌మెంట్‌కు యామల్ ఫైలును ఆ రాత్రి నమ్‌పై మార్చిన జూనియరే రాశాడు. దాన్ని నేను చదివి ఒక్క వర్షన్ సంఖ్య తప్ప ఏమీ దిద్దలేదు. మొత్తం 40 టాస్కులనూ, ముందు ముగిసిన 23తో సహా, కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో మొదటి నుంచి మళ్ళీ నడిపాను. నిన్న రాత్రి 40వది ముగిసింది.